కోరంటి దవాఖాన



హైదరాబాదులో ఆటో ఎక్కి "సర్ రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్‌కి పోనీయ్" అంటే డ్రైవరు మన ముఖం వంక చూస్తాడు. "నల్లకుంట ఫీవర్ హాస్పిటల్" అంటే బేరం మొదలవుతుంది. డ్రైవరు కాస్త వయసు మళ్ళినవాడైతే "కోరంటి దవాఖానకా?" అని తిరిగి మనల్నే అడుగుతాడు. చాలాకాలం నేను కోరంటి అంటే ఏ పాత పేట పేరో, ఏ జాగీర్దారు పేరో అనుకున్నాను. క్వారంటైన్ అన్న మాటే మన నాలుకల మీద నలిగి నలిగి కోరంటి అయిందని తెలిశాక నవ్వొచ్చింది. 2020లో టీవీ వాళ్ళు ఆ మాటను మనకు కొత్తగా నేర్పుతుంటే మళ్ళీ నవ్వొచ్చింది. నల్లకుంట ముసలమ్మలకు అది తమ అమ్మమ్మల నాటి మాట.

అసలు మాట పుట్టింది సముద్రపు ఒడ్డున. ప్లేగు ఉన్న చోటి నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళను ఊళ్ళోకి రానివ్వకుండా విడిగా ఉంచాలని 1377లో రగూసా అనే రేవుపట్నం కట్టడి చేసింది. ఇప్పుడు దాన్ని డుబ్రోవ్నిక్ అంటున్నారు. అక్కడ గడువు ముప్పై రోజులు. పోనుపోను అది నలభై అయింది. ఇటలీ భాషలో నలభైని క్వరాంతా అంటారు, పేరు అలా వచ్చింది.

నలభై చిల్లర రోజుల లెక్క మనకూ ఉంది, మండలం అంటాం. మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు నేల మీద పడుకుంటాడు, తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుంటాడు, చెప్పులు మానేస్తాడు, చుట్టా బీడీ ముట్టడు. గుమ్మం దగ్గర కానిస్టేబులును కాపలా పెట్టక్కర్లేదు. అదే మనిషిని జ్వరం తగిలిందని పద్నాలుగు రోజులు గదిలో ఉండమనండి, మూడోనాటికి పెరటి గోడ దూకుతాడు. మాల తనకు తాను వేసుకున్నది, గది ఇంకొకరు వేసి తాళం పెట్టింది. మహమ్మారి కాలంలో మనిషి స్వేచ్ఛ గొప్పదా, సమాజ క్షేమం గొప్పదా అని మన స్కూళ్ళలో వక్తృత్వ పోటీలు పెడుతుంటారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలబడి గొంతు చించుకుంటారు. నాకు ఆ పోటీ కంటే ఆ తాళం సంగతే ముందు తేల్చుకోవాలనిపిస్తుంది. తాళం ఎవరు వేశారు, లోపలివాడికి అన్నం ఎవరు పెట్టారు?

పుణె వెళ్దాం, 1897కి.

అంతకుముందు ఏడాది సెప్టెంబరులో బొంబాయి రేవు పక్కన, మాండ్వీ ధాన్యపు గోదాముల మధ్య ప్లేగు బయటపడింది. జనం రైళ్ళెక్కి పారిపోయారు, వాళ్ళతో పాటు రోగమూ రైలెక్కి పుణె చేరింది. ఓడరేవుల్లో సరుకు ఆగిపోతుందన్న భయం తెల్లదొరలకు రోగభయం కంటే తక్కువేమీ కాదు. 1897 ఫిబ్రవరి 4న ఒక చట్టం వచ్చింది, అంటువ్యాధుల చట్టం. నాలుగే సెక్షన్లు, ఒక టీ తాగేలోపు చదివేయొచ్చు. మామూలు చట్టాలు చాలవనిపిస్తే సర్కారు తనకు తోచిన చర్య తీసుకోవచ్చు. రైల్లో వచ్చినవాళ్ళను దింపి చూడొచ్చు, అనుమానం ఉన్నవాళ్ళను ఆస్పత్రిలోనో తాత్కాలిక శిబిరంలోనో విడిగా ఉంచొచ్చు. కాదన్నవాడికి శిక్ష ఉంది. ఈ పని సద్బుద్ధితో చేసిన అధికారి మీద దావా వేయడానికి లేదు. జనానికి జరిగే నష్టం గురించి ఆ చట్టంలో ఒక్కచోట ఒక్క మాట ఉంది. ఖర్చులు ఎవరు భరించాలో సర్కారే తేలుస్తుందంటూ, పక్కన బ్రాకెట్లలో "పరిహారంతో సహా, అదేమైనా ఉంటే" అని రాశారు. ఇస్తామనలేదు, ఇవ్వమనీ అనలేదు. ఆ "ఉంటే" అన్న మాటను గుర్తుంచుకోండి.

పుణెలో ప్లేగు కమిటీకి అధ్యక్షుడిగా వాల్టర్ చార్లెస్ రాండ్ అనే ఐ.సి.ఎస్. అధికారిని వేశారు. మార్చి నెలలో ఆయన గోరా సిపాయిలను వీధుల్లోకి దింపాడు. ప్లేగు తగిలినవాడికి చంకలోనో గజ్జల్లోనో బిళ్ళ కడుతుంది. అంటే బిళ్ళ ఉందో లేదో చూడాలంటే బట్ట తొలగించాలి. ఇంటి అరుగు మీద, వీధిలో, నలుగురి ముందు. ఆడవాళ్ళను కూడా. బూట్లతో వంటింట్లోకి వచ్చారు, దేవుడి గూట్లోకి తొంగిచూశారు, పరుపులు, చాపలు, పాత చీరలు వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. నేల తవ్వి, గోడలకు సున్నం కొట్టి పోయారు. రోగిని ఆస్పత్రికి, ఇంట్లో మిగతావాళ్ళను శిబిరానికి తోలారు. కాగితం మీద మర్యాదలు చాలానే ఉన్నాయి, ఆచారాలను గౌరవించాలనీ, ఆడవాళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉండాలనీ. గుమ్మంలో తుపాకీతో నిలబడ్డ సిపాయి ఆ కాగితం చదివి వచ్చినవాడు కాదు, ఇంట్లోవాళ్ళ భాషా అతనికి రాదు.

అప్పుడు జాతీయ నాయకుడు గోఖలే ఇంగ్లండులో ఉన్నాడు. పుణె మిత్రుల ఉత్తరాలు చదివి మనసాగక, సిపాయిలు ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేస్తున్నారని అక్కడి పత్రికకు చెప్పేశాడు. గగ్గోలు పుట్టింది. తిరిగొచ్చాక సాక్ష్యం చూపమన్నారు. ఉత్తరాలు రాసినవాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు, వస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. గోఖలే బేషరతుగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మచ్చ ఆయన్ను చాలాకాలం వదల్లేదు.

జూన్ 22 రాత్రి విక్టోరియా రాణి వజ్రోత్సవ విందు ముగించుకుని రాండ్ గణేశ్‌ఖిండ్ రోడ్డు మీద బగ్గీలో వస్తున్నాడు. చాపేకర్ సోదరులు కాపువేసి కాల్చారు. వెనక బగ్గీలో ఉన్న లెఫ్టినెంట్ అయర్స్ట్ అక్కడికక్కడే పోయాడు, రాండ్ జులై 3న పోయాడు. ముగ్గురు అన్నదమ్ములూ ఉరికంబం ఎక్కారు. పత్రికలో రాసిన రాతలకు తిలక్‌కు రాజద్రోహం కింద పద్దెనిమిది నెలల జైలు పడింది. ఇదంతా మన చరిత్ర పుస్తకాల్లో జాతీయోద్యమం అధ్యాయంలో వస్తుంది, రోగం సంగతి ఒక వాక్యంలో తేలిపోతుంది. నేను దాన్ని రోగం వైపు నుంచి చూడమంటున్నాను.

ఎందుకంటే అదే ఊళ్ళో, ఆ మార్చి నెలలోనే ఇంకొకటి జరిగింది. సంఘసంస్కర్త సావిత్రీబాయి ఫూలేకు అప్పటికి అరవై ఆరేళ్ళు. దత్తపుత్రుడు యశ్వంత్ డాక్టరు. పుణె శివార్లలో హడప్సర్ వైపు, పొలాల మధ్య ప్లేగు రోగుల కోసం ఒక దవాఖాన నడిపించారు ఇద్దరూ. ముంఢ్వాలో మహర్ల వాడలో ఒక పిల్లవాడికి ప్లేగు తగిలిందని తెలిసి, ఆవిడే వెళ్ళి వాడిని వీపు మీద వేసుకుని దవాఖానకు నడిచిందని చెప్పుకుంటారు. ఆవిడకూ అంటుకుంది. మార్చి 10న పోయింది. రాండ్ సిపాయిలు ఇళ్ళలోకి దిగింది ఆ తర్వాత కొద్ది రోజులకే.

రెండింట్లోనూ జరిగింది ఒకటే. జబ్బు చేసినవాడిని ఇంట్లోంచి తీసి విడిగా ఉంచడం. వైద్యం దృష్టితో చూస్తే రాండ్‌కూ ఆవిడకూ పేచీ లేదు. పిల్లవాడు మాత్రం ఒకచోట తుపాకీ చూసి మంచం కింద దూరతాడు, ఒకచోట మెడ చుట్టూ చేతులు వేస్తాడు.

రాండ్ పద్ధతిలో ఇంకో లోపం కూడా ఉంది, అది ఆయన తప్పు కాదు. ప్లేగును మోసేది ఎలుక, ఎలుక వెంట్రుకల్లో ఉండి గెంతే చిన్న పురుగు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు దాన్ని పట్టుకునేదాకా ఆ సంగతి ఎవరికీ రూఢిగా తెలియదు. అంటే సిపాయిలు మనుషులను శిబిరాలకు తోలుతుంటే ఎలుకలు పక్కింటికి నడిచి వెళ్ళాయన్నమాట! జనాన్ని బలవంతం చేసే దొర దగ్గర ఉన్నది ఆ రోజుకు తెలిసిన శాస్త్రం మాత్రమే, రేపటి శాస్త్రం కాదు. 2020 ఏప్రిల్‌లో కూరగాయలను సబ్బునీళ్ళతో కడిగిన మనందరికీ ఇది బాగా తెలిసిన విషయమే. నేనైతే వార్తాపత్రికను ఎండలో ఆరబెట్టి చదివాను. చివరకు బొంబాయిలో, కాన్పూరులో అల్లర్లు చెలరేగాక, రెండు మూడేళ్ళకు సర్కారే బలవంతాలు సడలించుకుంది. ప్లేగు మాత్రం తరవాతి దశాబ్దాల్లో మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది.

అదే 1897లో, ఆగస్టు 20న, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మన కోరంటి దవాఖానకు ఉన్నది ఆయన పేరే. ఆ దోమలకు రక్తం తాగించింది హుసేన్ ఖాన్ అనే రోగి. దోమకు ఒక అణా లెక్కన పది దోమలకు పది అణాలు ముట్టాయి. జ్వరంతో వణుకుతున్న పేదవాడు అణా కోసం ఒప్పుకుంటే దాన్ని ఇష్టం అంటామా అని మీరు అడగొచ్చు, నేనూ అడుగుతాను. కానీ ఆ లావాదేవీలో ఒక నిజాయితీ ఉంది. నీ ఒంటితో లోకానికి పని పడింది, ఇదిగో దాని వెల అని ముందే చెప్పారు. వెల తక్కువా ఎక్కువా అన్నది తరవాతి గొడవ.

వెల చెప్పకపోతే ఏమవుతుందో న్యూయార్కు వంటమనిషి మేరీ మాలన్‌ను చూస్తే తెలుస్తుంది. ఆవిడకు జబ్బు లక్షణం ఒక్కటీ లేదు, ఒంట్లో టైఫాయిడ్ క్రిమి ఉంది. వండిన ఇళ్ళలో జనం మంచాన పడుతుంటే 1907లో పట్టుకెళ్ళి ఒక దీవిలో ఉంచారు. 1910లో, ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బట్టలుతికే పని చూపించారు. చాకిరేవులో వచ్చేది వంటింటి జీతానికి ఏ మూలకూ రాదు. కొంతకాలానికి పేరు మార్చుకుని మళ్ళీ గరిటె పట్టింది, అదీ ఒక ప్రసూతి ఆస్పత్రి వంటింట్లో. 1915లో అక్కడ పాతికమందికి టైఫాయిడ్ వచ్చింది, ఇద్దరు చనిపోయారు. మళ్ళీ దీవికి పంపారు. ఇరవై మూడేళ్ళు అక్కడే ఉండి, 1938లో అక్కడే పోయింది. ఆవిడ చేసింది తప్పే, రెండోసారి తెలిసి చేసింది కూడా. అయినా ఒక లెక్క వేసి చూడండి. ఆవిడ గరిటె దించితే బాగుపడేది ఊరంతా. గరిటె దించినందుకు జీతం పోయేది ఆవిడ ఒక్కదానికి. ఊరు ఆ జీతం తేడా కట్టి ఉంటే ఆ ఇరవై మూడేళ్ళ దీవి ఖర్చు కంటే చవకే అయ్యేది!

ఇక మన సంగతి.

2020 ఆగస్టులో మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఒక ఇంటికి కరోనా వచ్చింది. భార్యాభర్తలు, ఆయన తల్లి. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి తలుపుకు కాగితం అంటించి, మెట్ల దగ్గర కర్రలు అడ్డం కట్టి పోయారు. మొదటి రోజు ఎవరూ అటు వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. లిఫ్టు బటను మోచేత్తో నొక్కాను. రెండోనాడు పొద్దున ఆ పెద్దావిడ బాల్కనీలోంచి కిందికి ఒక ప్లాస్టిక్ బుట్ట దించింది, నైలాను తాడు కట్టి. వాచ్‌మన్ భార్య అందులో రెండు పాల ప్యాకెట్లు వేసింది. బుట్ట పైకి వెళ్ళింది. మళ్ళీ కిందికి వచ్చింది, అందులో డబ్బులు. "డబ్బులెందుకమ్మా, తరవాత ఇద్దురులే, నోటు ముట్టుకోవాలంటే నాకూ భయమే" అంది ఆ అమ్మాయి. పై నుంచి నవ్వు వినపడింది. సాయంత్రానికి ఆ బుట్టలో మూడో అంతస్తు వాళ్ళ పప్పుచారు, కింది ఇంటివాళ్ళ మందుల చీటీ, ఎవరిదో వారపత్రిక. పదిహేడు రోజులు ఆ ఇంటివాళ్ళు గడప దాటలేదు. ఆ కర్రలు మూడోరోజే గాలికి పడిపోయాయి, ఎవరూ మళ్ళీ కట్టలేదు.

అదే సంవత్సరం మార్చి 25 నుంచి ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలన్నారు. ఇల్లు కదలొద్దన్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేలమంది అప్పుడు గుజరాత్‌లో వెరావల్ రేవులో చిక్కుకుని ఉన్నారు. వాళ్ళకు అక్కడ ఇల్లంటే పడవే. ఒక మరపడవలో వంటా, నిద్రా, దగ్గూ అన్నీ అంతలోనే. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల ఎడం పాటించాలంటే సముద్రంలోకి దిగాలి. నెల దాటాక బస్సులు పెట్టి తీసుకొచ్చారు. అలాగే మే 1న తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్ హటియాకు ఒక రైలు కదిలింది. వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అది, సుమారు 1,200 మంది ఎక్కారు. ఆ రైలు మన నేల మీది నుంచి ముందుగా బయల్దేరినందుకు కొంచెం గర్వపడ్డాను. అది మార్చి 24న బయల్దేరాల్సిన రైలు కదా అని ఆ వెంటనే అనిపించింది.

లాక్‌డౌన్ పెట్టకూడదని నేను అనను. అప్పటికి తెలిసినంతలో పెట్టాల్సిందే. ఆ నిర్ణయం జీతం వచ్చే నాలాంటివాడి దగ్గర తీసుకుంది సినిమాహాలు, పెళ్ళిభోజనం. కూలీ దగ్గర తీసుకుంది ఆ పూట అన్నం. పేరు ఇద్దరి దగ్గరా ఒకటే, స్వేచ్ఛ. అందుకే మాస్కు విషయంలో నాకు అంత ఓపిక లేదు. పది రూపాయల గుడ్డముక్క ముక్కు మీద పెట్టుకోమంటే నా హక్కు పోయిందన్నవాడి మీద జాలి కూడా కలగలేదు. అడిగింది అంత చిన్నది మరి. బతుకుతెరువు మానుకోమని అడిగేటప్పుడు మాత్రం అడిగేవాడు ఉత్త చేతులతో రాకూడదు.

ఇంతవరకూ విని, జనాన్ని వాళ్ళ మానాన వదిలేస్తే చాలు, ఊరు తనను తాను చూసుకుంటుందని అంటున్నానని మీరు అనుకుంటే, ముళ్ళకంపలను గుర్తు చేస్తాను. 2020 మార్చిలో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఊళ్ళ పొలిమేరల్లో కంపలు, మొద్దులు అడ్డం వేసుకున్నారు. ఏ కలెక్టరూ చెప్పలేదు, ఊరే అనుకుని ఊరే వేసుకుంది. పూర్వం గత్తర వచ్చినప్పుడు కూడా పొలిమేర కట్టేవాళ్ళట. చూసి ముచ్చటపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ కంపల అవతలే, పట్నం నుంచి నడిచొచ్చిన సొంత ఊరి కొడుకు చెట్టు కింద పడుకోవాల్సి వచ్చింది. కొన్నిచోట్ల శవాన్ని వల్లకాటికి కూడా రానివ్వలేదు. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళను అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. సిపాయి బూటు అక్కర్లేదు, భయం పుడితే పక్కింటివాడే రాండ్ అవుతాడు. అలాంటి చోట ఒంటరి మనిషి వైపు నిలబడడానికి చట్టం కావాలి, పోలీసు కావాలి.

బలవంతం ఎప్పుడూ పనికిరాదన్నదీ నిజం కాదు. మశూచిని మన దేశంలోంచి తరిమిన చివరి రెండేళ్ళలో, బీహారు లాంటి చోట్ల అర్ధరాత్రి తలుపులు తోసి టీకాలు వేసిన ఘటనలున్నాయి. ఆ రోగం ఇవాళ భూమి మీద లేదు. ఆ తలుపుల లోపలివాళ్ళకు ఎవరైనా క్షమాపణ చెప్పారా? అదే కార్యక్రమంలో మశూచి రోగి జాడ చెబితే వెయ్యి రూపాయలు ఇస్తామని కూడా ఊరూరా ప్రకటించారు. 1975 నాటి వెయ్యి రూపాయలు!

కరోనా టీకా దగ్గర ఇదే తగువు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2022 మే 2న కోర్టు తీర్పు చెప్పింది. నీ ఒళ్ళు నీది, 21వ అధికరణం కింద ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదంది. అయితే నలుగురి క్షేమం కోసం సర్కారు ఆంక్షలు పెట్టొచ్చంది, అవి అవసరానికి తగినంతే ఉండాలంది. టీకా వేసుకోనివాళ్ళ వల్లే రోగం ఎక్కువగా పాకుతోందని చూపించే లెక్కలు తన ముందు పెట్టలేదు కాబట్టి, వాళ్ళ మీద పెట్టిన ఆంక్షలు ఆనాటి స్థితికి తగినవి కావంది. టీకా వల్ల కలిగిన ఇబ్బందుల వివరాలు జనానికి అందుబాటులో పెట్టమంది. నేను మూడు డోసులూ వేయించుకున్నవాడిని, మా ఇంట్లో మొండికేసిన ఒక మామయ్యను బతిమాలి తీసుకెళ్ళినవాడిని కూడా. అయినా ఆ తీర్పు నాకు నచ్చింది, ముఖ్యంగా లెక్క చూపించమన్న మాట. మామయ్య అడిగిందీ అదే. "ఎందుకురా అంటే చెప్పేవాడు లేడు, వేయించుకో అనేవాళ్ళే అందరూనూ" అన్నాడు. కూర్చోబెట్టి అరగంట చెప్పాను. సూదికి భయపడ్డాడు గానీ వచ్చాడు.

కోరంటి దవాఖాన ఇప్పటికీ నల్లకుంటలోనే ఉంది, వానాకాలం డెంగీ రోజుల్లో ఓ.పీ. లైను గేటు దాకా వస్తుంది. 1897 చట్టం కూడా మనల్ని వదల్లేదు. 2020 మార్చిలో చాలా రాష్ట్రాలు దుమ్ము దులిపి బయటికి తీసింది దాన్నే. ఆ ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెచ్చి సవరించారు కూడా. వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే తీవ్రతను బట్టి ఏడేళ్ళ దాకా జైలు అని చేర్చారు. చేర్చాల్సిందే, వాళ్ళను కొట్టినవాళ్ళున్నారు. 2024లో లా కమిషన్ తన 286వ నివేదికలో ఈ పాత చట్టం చాలదని చెప్పింది. నేను ఆ సవరణ పాఠం తెప్పించుకుని మొదట వెతికింది మాత్రం ఆ రెండో సెక్షనులో బ్రాకెట్ల కోసం. శిక్షలు మారాయి, జరిమానాలు లక్షల్లోకి వెళ్ళాయి. "పరిహారంతో సహా, అదేమైనా ఉంటే" అన్న ముక్కను ఎవరూ ముట్టుకోలేదు.